బియ్యం డబ్బాలో చాకు

పోయిన నవంబర్లో ఒక పొద్దున, అన్నానికి బియ్యం కొలవబోయిన మా అమ్మ చేతికి సోల కన్నా ముందు చాకు తగిలింది.

"ఏందిమే ఇది? బియ్యంలో కత్తేంది?"

ఎనభై నాలుగేళ్ళ మనిషి. గొంతు మాత్రం మూలస్థానేశ్వరస్వామి గుడి దాకా వినిపిస్తుంది. నేను ముందుగదిలో పదో తరగతి పేపర్లు దిద్దుకుంటున్నా. "ఆరబెట్టానమ్మా" అన్నా.

"ఆరబెట్టడానికి అదేమన్నా ఫోనా?"

ఆమె అడగడంలో తప్పు లేదు. రెండేళ్ళ కింద మా అబ్బాయి ఫోను బకెట్లో పడితే మూడు రోజులు అదే డబ్బాలో పెట్టాం. అప్పట్నుంచీ మా ఇంట్లో ఏది తడిసినా బియ్యంలోకే పోతుంది. కానీ ఈ చాకు నీళ్ళలో పడలేదు. దాని మీద ఒక్క చుక్క పడలేదు. దాన్ని బిగదీసింది మా నెల్లూరు గాలి. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా నాయన చాకు దగ్గర మొదలుపెట్టాలి.

మాకు పొదలకూరు దగ్గర నిమ్మతోట ఉండేది. నాయన పొద్దున్నే తోటకి పోతూ పంచె బొడ్లో మడత చాకు దోపుకునేవాడు. కొమ్ము పిడి, రెండు చివర్లా ఇత్తడి తొడుగు. నేను పుట్టక ముందెప్పుడో రొట్టెల పండగకి నెల్లూరొచ్చి, దర్గా దగ్గర పెట్టిన అంగళ్ళలో కొన్నాడట. దాంతో ఆయన చెయ్యని పని లేదు. నీరుకొమ్మలు కోసేవాడు, ఎరువు మూటల పురికొస తెంచేవాడు, మాకు ముంజల తోలు ఒలిచి పెట్టేవాడు. కాల్లో నిమ్మముల్లు దిగితే అలుగుని (చాకులో కోసే రేకుని) అగ్గిపుల్ల మంట మీద ఒకసారి తిప్పి, పంచెకి తుడిచి, ముల్లు పైకి లేపేవాడు. మంట మీద తిప్పి పంచెకి తుడిస్తే లాభమేంటని ఇప్పుడు అడుగుతాను గానీ, అప్పుడు అడగలేదు. పనైపోయాక చాకు మూస్తే 'టక్'మని ఒక శబ్దం వచ్చేది. అది వినబడితే ఏడుపు ఆపేయాలని మాకు తెలుసు.

నాయన పోయాక అన్నకి తోట వచ్చింది, నాకు చాకు వచ్చింది. దీని గురించి ఇంతకన్నా రాయను.

ఆ చాకు నా హ్యాండ్‌బ్యాగులో పన్నెండేళ్ళు తిరిగింది. అలుగు అరిగి అరిగి చేపముల్లులాగా అయింది, అయినా పదును పట్టేది. దాన్ని పాడుచేసింది మా అబ్బాయి. ఒక సంక్రాంతికి ఇంటికి రంగులేస్తుంటే పెయింటు డబ్బా మూత లేపడానికి వాడాడు. లోపలి బద్ద పుటుక్కుమంది. తెరిచినప్పుడు తెరిచిన చోట, మూసినప్పుడు మూసిన చోట అలుగుని పట్టి ఉంచేది ఆ బద్దే. 'టక్'మనేదీ అదే. అది విరిగాక చాకు బ్యాగులో దానంతటదే తెరుచుకోవడం మొదలుపెట్టింది. ఒకరోజు కోవూరు బస్సులో చిల్లర కోసం బ్యాగులో చెయ్యి పెడితే వేలు తెగింది. రక్తం చూసి కండక్టరు కంగారుపడి, మిషన్లోంచి మూరెడు టికెట్ కాగితం లాగి నా వేలికి చుట్టాడు. ఆ చాకుని ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టేశా.

మా అన్న కొడుకు ఫ్రాన్సులో, గ్రెనోబుల్ అనే ఊళ్ళో చదువుతున్నాడు. ఆల్ప్స్ కొండల పక్కన ఉంటుందట. కార్తీకంలో వాళ్ళక్క పెళ్ళికి వచ్చాడు. చెన్నైలో దిగి, పెళ్ళిపనుల మధ్యలో ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చోక ముందే "అత్తా, ఒక రూపాయివ్వు" అన్నాడు.

"ఎందుకురా?"

"ఇయ్యి, చెబుతా."

ఇచ్చాను. అప్పుడు జేబులోంచి మడత చాకు తీసి నా చేతిలో పెట్టాడు. అక్కడ కత్తిని ఊరికే కానుకగా ఇస్తే మనుషుల మధ్య స్నేహం తెగిపోతుందని నమ్మకమట. అందుకని పుచ్చుకునేవాళ్ళు ఒక నాణెం ఇచ్చి, కొనుక్కున్నట్టు చేస్తారట. మా అమ్మ మంచం మీంచి వింటూనే ఉంది. "మనం ఉప్పు చేతికియ్యం, మిరపకాయలు చేతికియ్యం. వాళ్ళకీ చెప్పే పెద్దోళ్ళు ఉన్నార్లే" అంది. ఫ్రాన్సు దేశం గురించి ఆమె ఒక మంచిమాట అనడం నేను వినడం అదే మొదలు.

రూపాయి చేతులు మారింది కాబట్టి మా అన్న కుటుంబానికీ నాకూ మధ్య ఏదీ తెగలేదు. ఉన్నది ఉన్నంతే ఉంది.

చాకు పేరు ఒపినెల్. 8వ నంబరు. అలుగు 8.5 సెంటీమీటర్లు. పిడి బీచ్ అనే చెట్టు చెక్క, లేత బెల్లం రంగు. నాయన చాకు పట్టిన చేతికి ఇది బరువే అనిపించలేదు. అలుగు మీద ఒక చెయ్యి గుర్తు, ఆ చెయ్యి మీద కిరీటం. ఏంట్రా ఇది అని అడిగిన పాపానికి మావాడు చరిత్రంతా అప్పజెప్పాడు. విమానంలో చదువుకుంటూ వచ్చినట్టున్నాడు. (చాకు మాత్రం వాడి పక్కన కూర్చోలేదు. పెట్టెలో పడుకుని కింద సామాన్లతో వచ్చింది. చేతి సంచిలో అయితే రానివ్వరు.)

ఆ కొండల్లో సవ్వా అనే సీమలో జోసెఫ్ ఒపినెల్ అనే పిల్లవాడు 1890లో ఈ చాకు మొదటిది చేశాడు. అప్పటికి వాడికి 18 ఏళ్ళు. తండ్రి పల్లెలో గొడ్డళ్ళూ కొడవళ్ళూ చేసే కమ్మరి. 1897 కల్లా 1 నుంచి 12 దాకా నంబర్లేసి, వేలెడంత దాన్నుంచి జానెడు దాని దాకా సైజులు చేశాడు. 1565లో తొమ్మిదో చార్లెస్ అనే రాజు, కత్తులు చేసేవాళ్ళు ఎవరి సరుకు మీద వాళ్ళు గుర్తు వెయ్యాలని ఆజ్ఞ ఇచ్చాడట. ఆ ఆనవాయితీ పట్టుకుని ఒపినెల్ 1909లో ఈ చెయ్యీ కిరీటం పెట్టుకున్నాడు. చెయ్యి ఆ పక్క పట్నం ముద్రలోది, కిరీటం సవ్వా ప్రభువులది.

ఇదంతా బాగానే ఉంది గానీ నాకు ఎక్కింది వేరే మాట. ఈ చాకు మొత్తం అయిదే ముక్కలు. అలుగు, పిడి, ఒక శీల, రెండు ఉక్కు పట్టీలు. లోపల బద్ద లేదు. అంటే విరగడానికి బద్ద లేదు! రెండు పట్టీల్లో ఒకటి పిడి మెడకి బిగించి ఉంటుంది, కదలదు. దాని మీద రెండోది తిరుగుతుంది. 1955 దాకా ఆ రెండోది కూడా లేదట. చెక్క ఎంత బిగువుగా పట్టుకుంటే అంతే. 1955లో జోసెఫ్ కొడుకు మార్సెల్ ఈ తిరిగే పట్టీ పెట్టాడు. అలుగు తెరిచి పట్టీని పక్కకి తిప్పితే దాని చీలిక జరిగి, అలుగు మడత పడకుండా అడ్డం నిలబడుతుంది. 2000 నుంచి మూసినప్పుడు కూడా అదే తాళం పడేట్టు చేశారు. మూసి, తిప్పి, బ్యాగులో వేస్తే తెరుచుకోదు. నాకన్నా ముందు నా వేలికి అర్థమైంది ఆ సంగతి.

"స్టీలుది కూడా ఉంది అత్తా, తుప్పు పట్టనిది" అన్నాడు వాడు. "నేను మామూలు ఉక్కుదే తెచ్చా. తాత చాకు నల్లగా ఉండేది కదా."

వాడికి అప్పుడు ఆరేళ్ళు కూడా ఉండవు. గుర్తుందని నాకు తెలీదు.

ఆ సాయంత్రం ఇస్త్రీ చీర మడత విప్పినట్టు తెరుచుకుంది చాకు. పెళ్ళైపోయింది. నాలుగు రోజులకి వాయుగుండం పట్టింది.

మా వానాకాలం మిగతా రాష్ట్రం వానాకాలం కాదు. అందరూ తడిసే జూన్ జూలైలో మేము ఉక్కపోసి చస్తాం. మా వాన అక్టోబరు నుంచి డిసెంబరు, ఈశాన్యం నుంచి వస్తుంది. వచ్చిందంటే వారం. బడికి సెలవిచ్చారు. ఉప్పు జాడీ నీరుగారింది, అప్పడాలు సాగాయి, దిద్దిన పేపర్ల మీద ఎర్ర ఇంకు పువ్వులు పూసింది. పడగ్గది తలుపు ఎప్పటిలాగే బిగుసుకుంది. రెండోరోజు సాయంత్రం జామకాయ కోద్దామని చాకు తీస్తే అది కూడా.

అలుగు మీద గోరు పెట్టి లాగడానికి ఒక గంటు ఉంటుంది. బొటనగోరు అందులో పెట్టి లాగితే గోరు సగానికి విరిగింది, చాకు కదల్లేదు. పట్టీ తిప్పడం మర్చిపోయానేమో చూశా. తిప్పే ఉంది. మా ఆయన పుచ్చుకున్నాడు. ఆయనకి గోళ్ళు కొరికే అలవాటు. లాగడానికి గోరేదీ? పటకారు తెచ్చాడు. అలుగు మీద గీతలు పడతాయని లాక్కున్నా.

"దొంగొచ్చినా దీంతో భయం లేదులే. నువ్వు తెరిచేలోపల వాడికి కాఫీ ఇచ్చి పంపియ్యొచ్చు" అన్నాడు.

మావాడికి ఫోన్ చేశా. అప్పటికింకా పొదలకూరులోనే ఉన్నాడు. "అక్కడ బాగానే తెరుచుకునిందే" అన్నాడు, మెకానిక్కు దగ్గరికి పోగానే సరిగ్గా నడిచే బండి గురించి చెప్పినట్టు. తర్వాత ఒక చిట్కా చెప్పాడు. సవ్వా వాళ్ళు చేసే పనే అట. పిడి చివరని గట్టి బల్ల మీద టక్కున కొడితే పిడి ఆగిపోతుంది, అలుగు జడత్వం కొద్దీ ఇంకా ముందుకు పోయి తల బయటపెడుతుంది. న్యూటన్ మొదటి సూత్రం. నేను తొమ్మిదో తరగతికి ఏటా చెప్పే పాఠం, వాడు నాకు చెబుతున్నాడు. సరే, కొట్టా. మా వంటగట్టు చీమకుర్తి నల్లరాయి. మూడోసారికి పిడి చివర సొట్ట పడింది. రాయికి ఏమీ కాలేదు. నాలుగోసారికి అలుగు అగ్గిపుల్ల మందం పైకొచ్చింది, అక్కడ పట్టుకుని లాగితే తెరుచుకుంది. జామకాయ కోసుకున్నాం. మూశాక మళ్ళీ మొదటికే.

సెలవు, వాన, కరెంటు లేదు. ఏం చెయ్యను? ఇంట్లో రెండు థర్మామీటర్లున్నాయి. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి రెండూ వరండాలో వేలాడదీశా. పొడిది 26 డిగ్రీలు, తడిది 25. అంత దగ్గరగా ఉన్నాయంటే గాల్లో తేమ నూటికి 92. గుడ్డ ఆరడానికి గాల్లో చోటు లేదు. అలాంటి గాల్లో చెక్క ఊరుకుంటుందా, తాగుతుంది. తాగితే పొడవు పెరగదు, లావు పెరుగుతుంది. ఇది తలుపులకీ అంతే, కత్తి పిడికీ అంతే. కానీ ఈ చాకుకి మెడ చుట్టూ కదలని ఉక్కు పట్టీ ఉంది కదా. చెక్క బయటికి ఉబ్బుదామంటే పట్టీ ఒప్పుకోదు. అందుకని లోపలికి ఉబ్బుతుంది. లోపల ఉన్నది అలుగు మొదలు. రెండు చెక్క బుగ్గల మధ్య అది నలిగిపోతుంది. తప్పు చాకుది కాదు. దాన్ని చేసినవాళ్ళు మా నెల్లూరు మూలాపేటలో నవంబరు చూసి ఉండరు.

కారణం తెలిసినంత మాత్రాన తెలివిగా నడుచుకున్నానని కాదు. కొబ్బరినూనె పోశా. ఆ పూట నున్నగా కదిలింది. తెల్లారి చూస్తే ముందుకన్నా బిగువు. నూనె తాగి ఉబ్బిందో, రాత్రి కురిసిన వానకి ఉబ్బిందో, రెండూనో. ఆ తర్వాతే బియ్యం డబ్బా. మూడు రోజులకి గోరు విరక్కుండా తెరిచేంత మేలు కనిపించింది, అంతలో అమ్మ చేతికి చిక్కింది. కడిగిన బియ్యంలో కొబ్బరినూనె వాసన వస్తోందని ఆ పూట మా ఆయన అన్నం పెరుగుతోనే తిన్నాడు.

ఆదివారం వాన తెరిపిచ్చింది. చాకు బ్యాగులో వేసుకుని స్టోన్‌హౌస్‌పేటలో మా ఆచారి దగ్గరికి పోయా.

మా ఆచారికీ నాకూ ఒక తలుపు మధ్యలో ఉంది. ఎనిమిదేళ్ళ కింద ఇట్టాంటి వానలోనే పడగ్గది తలుపు పడక, ఆయన్ని పిలిపించి చిత్రిక పట్టమన్నా. "టీచరమ్మా, వానలో తలుపు చిత్రిక పట్టగూడదు, ఎండాకాలం దాకా ఓర్చుకోండి" అన్నాడు. నేను వినలేదు. పట్టాడు. ఆ నవంబరంతా తలుపు పువ్వులాగా పడింది. మే నెలలో చూస్తే తలుపుకీ గడపకీ మధ్య బల్లి దూరేంత సందు. దూరింది కూడా. దాని సంతానం ఇప్పటికీ మా పడగ్గదిలోనే ఉంది. ఆ సందుకి ఒక బద్ద అతికించాం, ఇప్పుడు వానకి ఆ బద్ద బిగుసుకుంటోంది.

ఆచారి చాకు పుచ్చుకుని ముందు పిడి వాసన చూశాడు. తర్వాత గోటితో నొక్కాడు.

"ఏం చెక్కమ్మా ఇది?"

"బీచ్ అంట."

"ఏ బీచి? మైపాడు బీచా?" అని ఆయనే నవ్వుకున్నాడు. ఈ మాట ఆ రోజు షాపుకి వచ్చిన ముగ్గురికి మళ్ళీ చెప్పాడు.

ఆయనది ఉదయగిరి వైపు. అక్కడి చెక్క గరిటెలూ స్పూన్లూ మీరు చూసే ఉంటారు, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది వాటికి. దుర్గం కొండల్లో దొరికే నర్ది, బిక్కి చెక్కలతో చేస్తారు. ఈయన చిన్నప్పుడు ఆ పని చూస్తూ పెరిగినవాడు కాబట్టి చెయ్యి పెట్టగానే తేడా చెప్పాడు. "బిక్కి అయితే రొంత గట్టి. ఇది మెత్తన కాదు గానీ, నీళ్ళకి ఆశ ఎక్కువున్నట్టుంది." చెక్కకి నీళ్ళ ఆశ అనే మాట నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. తర్వాతి వారం క్లాసులో వాడేశా.

నేను అనుకున్నదేమంటే ఆయన ఉలి తీసి లోపల చెక్కేస్తాడని. అట్ట చెయ్యలేదు. పిడి చివర మళ్ళీ రెండు దెబ్బలు కొట్టి అలుగు తెరిచి, వెలుతురుకి పెట్టి చీలికలోకి చూశాడు. నన్నూ చూడమన్నాడు. చీలిక లోపలి గోడల మీద, శీల దగ్గర, ఒక వైపు చిక్కుడు గింజంత చోట నున్నగా మెరుస్తోంది. రెండోవైపు ఇంకా చిన్న మెరుపు. మిగతా అంతా మామూలు చెక్కే. "ఎక్కడ రుద్దుకుంటా ఉందో అక్కడే మెరుస్తది. అక్కడే తియ్యాల. మెరవని చోట ముట్టుకోగూడదు."

తిరిగే పట్టీ అడ్డంగా ఉంది, అది ఊడాలి. పక్క మెకానిక్కు షాపునుంచి సర్‌క్లిప్ కటింగ్ ప్లేయర్ అడిగి తెచ్చాడు. పిస్టన్ పిన్ను దగ్గర ఉండే రింగులు ఊడదీసే ముక్కు సన్నటి ప్లేయర్. దాని రెండు కొనలూ పట్టీ చీలికలో పెట్టి విప్పితే పట్టీ విచ్చుకుని, ఊడి, ఎగిరి, రంపంపొట్టులో పడింది. ఆ కుప్ప మోకాలెత్తుంది. ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. ఈసారి నా వంతు. మూల పడి ఉన్న పాత స్పీకరు వెనక అయస్కాంతం ఊడదీయించి, పొట్టులో తిప్పా. నాలుగు శీలలూ, ఒక బొంగరం ముల్లూ, విరిగిన రంపం పళ్ళూ వచ్చాయి, వాటి తర్వాత పట్టీ వచ్చింది. ఆచారి ఏమీ అనలేదు గానీ ఆ అయస్కాంతం పారెయ్యకుండా గోడకి మేకు కొట్టి తగిలించాడు.

220 నంబరు ఉప్పుకాగితం సన్నగా చింపి, పాత హ్యాక్సా బ్లేడు ముక్కకి చుట్టి నా చేతికిచ్చాడు. "మీ చాకు, మీరే రుద్దండి. పది లెక్కపెట్టండి, ఆపి చూడండి." పది రుద్దులు, పొట్టు ఊదడం, అలుగు మూసి తెరవడం. మళ్ళీ పది. ఎక్కువ మెరుపున్న వైపు మూడు విడతలు, రెండోవైపు ఒకటే. అలుగు పిడిలో ఒక పక్కకి ఒరిగి పడుకునేది, అది కూడా నడిమికి వచ్చింది. ఆఖరున 400 నంబరుతో నున్న చేశా.

అలుగు కదులుతోంది. అయితే బరువుగా, పొలంలో బురద కాలు లాగినట్టు. ఇంకో నాలుగు విడతలు రుద్దితే మొదటి రోజు లాగా జారుతుందని నా చెయ్యికి తెలుస్తోంది. రుద్దబోయా. ఆచారి బ్లేడు ముక్క లాక్కున్నాడు.

"చాల్లేమ్మా."

"ఇంకా బిగువుగానే ఉంది కదా ఆచారీ."

"ఉండాల. చెక్క ఇప్పుడు కడుపు నిండా నీళ్ళు తాగి ఉంది. ఇప్పుడే వదులు చేస్తే రోహిణికి గలగలా అంటది. మీ తలుపు మర్చిపోతిరా?"

మర్చిపోలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నా.

బిగువు ఉండాలి, అయినా తెరుచుకోవాలి, మరి నా గోరు సంగతేంటి? దానికి ఆయన చేసిన పని నాకు తట్టేది కాదు. చాకు మూసి నా చేతికిచ్చి, "అలుగుని రెండు వేళ్ళతో గిచ్చి పట్టాలంటే యాడ పట్టుకుంటారు?" అన్నాడు. చూపించా. అక్కడ పెన్సిలుతో రెండువైపులా అర్ధచంద్రం గీశాడు. అర్ధగుండ్రం ఆకురాయితో పిడి అంచుని ఆ మేరకు పల్లం చేశాడు, రెండు బొటనవేళ్ళ అచ్చుల్లాగా. ఇప్పుడు అలుగు రెండు పక్కలా రొంత బయటికి కనిపిస్తుంది. వేలూ బొటనవేలూ పెట్టి గిచ్చి లాగితే చాలు, గోటితో పని లేదు. నా వేళ్ళకి సరిపోయింది కాబట్టి మా ఆయన వేళ్ళకి సరిపోదు. అది కూడా మేలే.

పట్టీ మళ్ళీ ఎక్కించేసరికి విచ్చుకున్న దెబ్బకి లూజై గిరగిరా తిరుగుతోంది. తాళం గిరగిరా తిరిగితే ఇంక తాళమేంది? ఊడదీసి (ఈసారి గుడ్డ కప్పి) ప్లేయరుతో నొక్కాడు. ఎక్కువైంది, నా బలానికి తిరగలేదు. రొంత విప్పాడు. మూడోసారికి, బొటనవేలితో తోస్తే తిరిగి, వదిలేస్తే ఉన్నచోటే ఉండేట్టు కుదిరింది.

కొత్తగా రుద్దిన చోట చెక్క పచ్చిగా ఉంటుంది, మళ్ళీ నీళ్ళు తాగుతుంది. అక్కడ అవిసె నూనె గుడ్డపీలికతో పూయించాడు. కొబ్బరినూనె ఎన్నాళ్ళయినా నూనెగానే ఉంటుంది, అవిసె నూనె గాలికి గట్టిపడి చెక్కలోనే ఉండిపోతుంది. తుడిచేసి రెండు రోజులు ఆరనిచ్చి, ఆ తర్వాత కొవ్వొత్తి మైనం రుద్దమన్నాడు. ఆ నూనె గుడ్డని నేను ఉండచుట్టి మూలకి వెయ్యబోతే చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. ఉండచుడితే ఆరేటప్పుడు పుట్టే వేడి బయటికి పోక దానంతటదే అంటుకుంటుంది. రంపంపొట్టు కుప్ప పక్కన! విప్పి తీగ మీద ఆరేశాం. ఎంతివ్వమంటావంటే 50 అన్నాడు. 100 ఇస్తే 50 వెనక్కిచ్చాడు.

"రోహిణికి ఎంత సందొచ్చిందో చూసి ఒకసారి చెప్పండి" అన్నాడు వచ్చేటప్పుడు.

అక్కణ్ణుంచి చాకు నా బ్యాగులోకి వచ్చింది. బడిలో బయటికి తియ్యను, అది వేరే సంగతి. బస్టాండులో జామకాయలకి, ఇంట్లో బీరకాయ తొక్కుకి, కొరియర్ డబ్బాలకి. అలుగుకి మొదటి నిమ్మకాయ మా అన్న పంపిన బస్తాలోదే. పులిహోరకి పది కాయలు కోసి పక్కన పెట్టి, తిరగమోత వేసి వచ్చేసరికి అలుగు నీలం బూడిదరంగుకి తిరిగింది, అంచున ఇంద్రధనుస్సు. అమ్మ చింతపండూ పీచూ తీసుకుని తయారైంది తోమడానికి. ఆపా. పులుపు తగిలి నల్లబడిన పొర ఎర్ర తుప్పుని రొంత ఆపుతుంది. మా ఊరు సముద్రానికి దగ్గర, ఎర్రతుప్పుని మనం పిలవక్కర్లేదు. వాడాక తుడిచి, అలుగుకి మాత్రం కొబ్బరినూనె చుక్క రాస్తున్నా. అక్కడ అది పనికొస్తుంది. మొదటి వారం కోసిన ప్రతి పండూ ఇనుము రుచి వచ్చింది. తర్వాత పోయింది.

పదును గురించి ఒక మాట. సానరాయి మీద పట్టాక చివర్లో నేను మార్కాపురం పలక మీద పడతాను. బడి స్టోరు గదిలో చెక్క చట్రం ఊడిపోయిన రాతి పలకలు కొన్నుంటే ఒకటి అడిగి తెచ్చుకున్నా. నీళ్ళు చిలకరించి, అలుగుని పడుకోబెట్టి, వెనక్కి ముందుకి. బలపం అరిగినట్టు సన్నటి బూడిదరంగు ముద్ద వస్తుంది. అయ్యాక టమాటా తోలు మీద బరువు వెయ్యకుండానే దిగుతుంది. పిల్లలు పలక వాడటం మానేశారు, నేను మొదలుపెట్టా.

డిసెంబరు పోయింది, ఎండలు ముదిరాయి. చాకు నెల నెలకీ తేలికవుతూ వచ్చింది. ఫిబ్రవరికి బురద కాలు పోయింది. ఏప్రిల్‌కి మొదటి రోజు సాయంత్రం ఎలా ఉందో అలా ఉంది. అప్పుడు భయం మొదలైంది నాకు, ఇంకా మే ఉంది కదా అని.

మొన్న రోహిణి కార్తెలో, సెలవుల్లో, మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ థర్మామీటర్లు వరండాలో కట్టా. పొడిది 42, తడిది 26. లెక్కేస్తే తేమ నూటికి 28. తడిగుడ్డ పావుగంటలో ఆరిపోతుంటే మళ్ళీ మళ్ళీ నీళ్ళు పొయ్యాల్సొచ్చింది. పడగ్గది తలుపు సందులోంచి బల్లి చూస్తోంది. చాకు తెరిచి, తాళం వేసి, అలుగు కొన పట్టుకుని అటూ ఇటూ ఊపా. రొంత కదిలింది. గలగల లేదు. తాళం తీసి తలకిందులుగా పట్టుకుంటే అలుగు పిడిలోంచి దానంతటది జారి రాలేదు. వెలుతురుకి పెడితే రెండువైపులా వెంట్రుక లాంటి గీత కనిపించింది.

దాన్ని కొలవడానికి నా దగ్గర గేజీ లేదు. పోస్టుకార్డు పెట్టి చూశా, దూరలేదు. పెళ్ళిపత్రిక సంగతి చెప్పక్కర్లేదు. బ్యాగు అడుగున బస్సు టికెట్టు దొరికింది. ఆడవాళ్ళకి ఉచితం వచ్చాక ఇచ్చే సున్నా రూపాయల టికెట్టు. అది ఒక వైపు నున్నగా దూరింది, రెండోవైపు రొంత పట్టి దూరింది.

ఆచారికి ఫోన్ చేశా.

"ఎంత సందుందమ్మా?"

"పోస్టుకార్డు పట్టదు. బస్సు టికెట్టు పడతాంది."

"మడత పెట్టిన టికెట్టా, ఒంటిదా?"

ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, టికెట్టు మడిచి చూశా. పట్టలేదు.

"ఒంటిదే."

"అయితే ఇప్పుడు ముట్టుకోబాకండి. కార్తీకంలో తీసుకురండి, చూద్దాం" అన్నాడు. తర్వాత, "ఆ తలుపు కూడా ఇప్పుడే చూపిస్తే మంచిది టీచరమ్మా, రేపొచ్చేదా?" అన్నాడు.